ఫెలిమ్ గిల్డే పట్టిన ఎడమ గెడ

ఐర్లండులో మా జిల్లా పేరున్న బ్యానరుకి రెండు గెడలు. కుడి గెడ నాది, ఎడమ గెడ ఫెలిమ్ గిల్డేది. పందొమ్మిదేళ్లు మార్చి పదిహేడో తారీఖున, సెయింట్ ప్యాట్రిక్ పండగ ఊరేగింపులో, ఆ బ్యానరు ఎత్తుకుని మేమిద్దరం ఐదో అవెన్యూ మీద పక్కపక్కన నడిచాం. మిగతా రోజుల్లో ఆరొందల అడుగుల లోతున, న్యూయార్కుకి నీళ్లు తెచ్చే సొరంగంలో పక్కపక్కన రాయి కొట్టాం. ఫెలిమ్ గురించి తనకన్నా నాకే ఎక్కువ తెలుసని అతని భార్య మాడ్జ్ అంటుండేది. అది నిజమే కావచ్చు. పైన ఉన్నప్పుడు ఫెలిమ్ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

ఐర్లండు నుంచి వచ్చేనాటికి అతనికి పందొమ్మిదేళ్లు. అన్న డోనల్ అప్పటికే సొరంగంలో ఉన్నాడు. విమానం దిగిన మూడో రోజున తమ్ముణ్ణి కూడా కిందికి దింపాడు. మావాళ్లందరికీ పని అలాగే దొరికింది. అన్నో, బావో, మేనమామో ముందు దిగి ఉంటాడు, అతని వెనకాల మనం దిగుతాం. ఏం చదివావని ఎవరూ అడగరు. నేను ఆరో క్లాసు దగ్గర ఆపేశాను. ఫెలిమ్‌కి అదీ లేదు.

మందు పేల్చాక పైకప్పులో రాయి వదులైందేమో చూడాలి. పొడుగాటి గునపంతో తట్టి చూస్తారు. గట్టి రాయైతే ఖంగుమంటుంది, వదులు రాయైతే చచ్చు చప్పుడు చేస్తుంది. ఆ తేడా ఫెలిమ్‌కి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఒకరోజు నేను గోడకి ఆనుకుని టీ తాగుతుంటే వచ్చి నా బూటు మీద తన్నాడు.

"లేరా బార్నీ. ఇక్కడ కాదు, అక్కడ కూర్చుని తాగు."

"అక్కడ తడిగా ఉంది."

"ఇక్కడ ఇంకాసేపట్లో చీకటిగా ఉంటుంది."

లేచాను. పది నిమిషాలకి బల్లంత రాయి నేను కూర్చున్న చోట పడింది. దుమ్ము తగ్గాక ఫెలిమ్ ఇటు చూసి, "టీ చల్లారిపోయిందా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

గెడ సంగతి చెప్పాలి. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు కానీ ఇక్కడి మా జిల్లావాళ్ల సంఘంలో అందరికీ తెలుసు. ఊరేగింపు మొదలయ్యే పక్క వీధిలో గెడ ఎత్తినవాడే చివరి వీధిదాకా మోయాలి. మధ్యలో చేతులు మారకూడదు. చివర్న దించేటప్పుడు, ఇక నావల్ల కాదనుకుంటే, వచ్చే ఏడు ఎవరు పట్టాలో అతనే పదిమందిలో పేరు చెప్తాడు. చెప్పిన పేరుకి తిరుగు లేదు. కానీ మధ్యలో వదిలేశాడంటే ఆ గెడ మీద అతనికి ఏ హక్కూ లేదు. చివరిదాకా మోసినవాడిదే గెడ. ఎవరికివ్వాలో ఆ మనిషే చెప్తాడు.

ఎడమ గెడ మొదట్లో డోనల్‌ది. మోసేవాడి తోలుపట్టీ తగిలే చోటుకి జానెడు కింద చాకుతో తన పేరులోని రెండక్షరాలు చెక్కుకున్నాడు. మా షిఫ్టుకి మేస్త్రీ ఓవెన్ హార్కిన్. అతనూ మా జిల్లావాడే. ఒకరోజు పని వెనకబడిందని పైనుంచి కాంట్రాక్టరు మనిషి అరుస్తున్నాడు. మందు పేల్చాక పొగ పోవాలి, పేలకుండా మిగిలిన మందు ఉందేమో చూడాలి, తర్వాతే డ్రిల్లు పెట్టాలి. హార్కిన్ గడియారం చూసి "పదండి, పదండి" అన్నాడు. డోనల్ డ్రిల్లు మిగిలిపోయిన మందుకి తగిలింది. అతను పోయేనాటికి కూతురు ఊనాకి నాలుగేళ్లు. విచారణ జరిపారు. పొరపాటున జరిగిందని రాసి మూసేశారు. తొందర పెట్టానని హార్కిన్ ఎక్కడా చెప్పలేదు, మేమూ చెప్పలేదు. మాకు మర్నాడు షిఫ్టు ఉంది.

ఫెలిమ్ ఒక్కడే హార్కిన్‌తో మాట్లాడటం మానేశాడు. డోనల్ గెడ తను తీసుకున్నాడు. కొన్నేళ్లకి హార్కిన్ సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. ఊరేగింపులో పచ్చ పట్టీ వేసుకుని బ్యానరుకి నాలుగడుగులు ముందు నడుస్తాడు. అతని వెనక ఫెలిమ్, చేతిలో డోనల్ గెడ.

"మానెయ్యొచ్చు కదరా, వాడి వెనకాల నడవడం దేనికి?" అని ఒకసారి అడిగాను.

"వాడి వీపు నాకు బాగా కనపడుతుంది."

"ఏముంది అందులో?"

"వాడికి నేను కనపడను. కానీ ఉన్నానని తెలుసు."

వెనక్కి తిరగడం నాకు తెలిసి హార్కిన్ అన్నేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఫెలిమ్‌కి పిల్లల్లేరు. ఊనాని అతనూ మాడ్జూ కూతురిలాగే చూసుకున్నారు. ఆమె పెద్దదై సిటీ బస్సు తోలే పనిలో చేరింది. ఊరేగింపులో బ్యానరుకి ముందు తాడు పట్టేది. తాడు పట్టేవాళ్లు నలుగురు, గాలికి గుడ్డ లేవకుండా ముందుకీ వెనక్కీ లాగి ఉంచుతారు. గెడ మాత్రం ఆడవాళ్లకి ఎప్పుడూ ఇవ్వలేదు. దించే రోజున ఊనా పేరు చెప్తానని ఫెలిమ్ నాతో వందసార్లు అని ఉంటాడు.

"కమిటీవాళ్లు గుండె ఆగి పడిపోతారు," అనేవాణ్ణి.

"పడనీ. మొయ్యడానికి మనం ఉన్నాం కదా."

అప్పటికే అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముప్పయ్యేళ్ల రాతి దుమ్ము. బ్రాంక్స్‌లో మా రైలు స్టేషను పైన ఉంటుంది, నలభై రెండు మెట్లు. సగం ఎక్కాక ఫెలిమ్ ఆగి గోడ మీద ప్రకటన చదివేవాడు. చదువే రాని మనిషి టూత్‌పేస్టు ప్రకటన ముందు అంతసేపు నిలబడటం నేనెక్కడా చూడలేదు. "ఏం రాశాడు?" అంటే, "పళ్లు తోముకోమంటున్నాడు," అనేవాడు ఎగశ్వాసతో. నేనూ పక్కన నిలబడి చదివేవాణ్ణి.

ఆ ఏడు జనవరిలో కొత్త బ్యానరు వచ్చింది. పాతది ముతక గుడ్డ, అప్పటికే చివికిపోయింది. కొత్తది పట్టు. మా జిల్లాలోని కాన్వెంటు సిస్టర్లు తొమ్మిది నెలలు కూర్చుని కుట్టారట. ఒకవైపు పచ్చ అంగీలో సెయింట్ ప్యాట్రిక్, ఇంకోవైపు మా కోట, జిల్లా పేరు. చర్చి కింద హాల్లో బల్లల మీద పరిస్తే ముసలమ్మలు ముద్దు పెట్టుకున్నారు.

పాతదానికి ఆరుచోట్ల అర్ధచంద్రం కోతలుండేవి, గాలి పోవడానికి. హార్కిన్ లేచి దీనికీ పెడదామన్నాడు.

"పట్టు కదా, గాలి అసలు పోదు. గెడలు పట్టేవాళ్ల వయసు కూడా చూడాలి."

పందొమ్మిదేళ్లలో మీటింగులో నోరెత్తని ఫెలిమ్ లేచాడు. "ఎవరి వయసు?"

"ఎవరిదీ కాదు ఫెలిమ్. గాలి సంగతి చెప్తున్నా."

"నువ్వా? పొగ పోకముందే మనుషుల్ని లోపలికి తోలినవాడివి, నువ్వా నాకు గాలి సంగతి చెప్పేది?"

హార్కిన్ బ్యానరు వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆఖరికి వెనక బెంచీలోంచి డూగన్ ముసలమ్మ అరిచింది. "సెయింట్ ప్యాట్రిక్ అంగీకి కత్తెర పెడతారా? మీ చేతులు పడిపోతాయి!" అది ఆసరా చేసుకుని అందరూ ఒకేసారి మాట్లాడారు. చేతులెత్తమన్నారు. కొయ్యకూడదని ముప్పై ఒక్క చేతులు లేచాయి. ఫెలిమ్ ఎత్తాడని నేనూ ఎత్తాను.

ఇంటికెళ్తూ తిట్టాను. "నీకేమన్నా పిచ్చా? అది బ్యానరు కాదు, తెరచాప. మోసేది నువ్వు, వాడు కాదు."

"వాడు కొయ్యమన్నాడు."

"మంచికే చెప్పాడేమో!"

"అయితే మరీ కొయ్యకూడదు," అన్నాడు ఫెలిమ్.

మార్చి మొదటివారంలో మాడ్జ్ మా ఇంటికొచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"బార్నీ, డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూపించాడు. రెండు వైపులా తెల్లగా ఉంది, పిండి చల్లినట్టు. ఈ ఒక్క ఏడూ వద్దని చెప్పు."

"వినడు వదినా."

"వింటాడా అని అడిగానా? చెప్పమన్నాను."

వెళ్లి చెప్పాను. ఫెలిమ్ వంటింట్లో కూర్చుని బూట్లకి నల్లరంగు పూస్తున్నాడు.

"ఇప్పుడు ఎత్తకపోతే గెడ ప్రెసిడెంటు చేతికి పోతుంది. ఎవరికిస్తాడు వాడు?"

"వాళ్లబ్బాయికిస్తాడు, ఇంకెవరికి."

"డోనల్ గెడ హార్కిన్ కొడుక్కి." బూటు కింద పెట్టాడు. "ఈ ఒక్కసారి చివరిదాకా, ఎనభై ఆరో వీధిదాకా తీసుకెళ్తే చాలు. అక్కడ దించి ఊనా పేరు చెప్తాను. ఆ తర్వాత మాడ్జ్ నన్ను మంచానికి కట్టేసినా సరే."

"వెళ్లలేకపోతే?"

"నువ్వు పక్కనుంటావు కదా," అన్నాడు.

ఊరేగింపుకి నాలుగు రోజుల ముందు మంచు బాగా పడింది. పదిహేడు నాటికి అవెన్యూ మీద ఎత్తేశారు కానీ పక్క వీధుల్లో బూడిదరంగు కుప్పలు మోకాళ్లెత్తు ఉన్నాయి. మా వంతు వచ్చేదాకా నలభై ఏడో వీధిలో నిలబడాలి. పన్నెండింటికి రమ్మన్నారు, మూడైనా కదలనివ్వలేదు. ఎండ పడని వీధి. ముందు పోలీసులు, వాళ్ల తర్వాత ఫైరువాళ్లు, స్కూలు పిల్లలు. వేరే జిల్లాలవాళ్లు మాకన్నా ముందు వెళ్తుంటే మావాళ్లు వాళ్ల ఫుట్‌బాల్ టీముని వెక్కిరిస్తున్నారు. బ్యాగ్‌పైపులవాళ్లు వేళ్లు కొంకర్లు పోకుండా చంకల్లో పెట్టుకున్నారు. సీసాలు చేతులు మారుతున్నాయి. ఫెలిమ్‌కి ఇవ్వబోతే వద్దన్నాడు. గోడకి ఆనుకుని, పై పెదవి మీద చెమటతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. అంత చలిలో చెమట.

ఊనా వచ్చి అతని మఫ్లరు సర్దింది. "బాబాయ్, మూడు గంటలు నిలబడ్డావు. అందులోనే అయిపోయింది నీ బలమంతా."

"నిలబడటానికి బలమెందుకే. గోడ మోస్తోంది నన్ను."

"నడిచేటప్పుడు గోడ రాదు."

"అందుకేగా నీ చేతికి తాడిచ్చింది. లాగి పట్టు."

ఈల వినపడింది. తోలు పట్టీలు బిగించుకుని, నడుం దగ్గర వాటికున్న తోలు గిన్నెల్లో గెడలు దించి ఎత్తాం. మూల తిరిగి అవెన్యూ మీదికి వచ్చేసరికి జనం అరుపులతో ఒక్కసారి చెవులు చిల్లులు పడ్డాయి. దారి మధ్యలో పచ్చరంగు గీత, దాని మీద హార్కిన్ వీపు.

పెద్ద చర్చి దాటేదాకా బాగానే ఉంది. మేడలు గాలిని ఆపాయి. యాభై ఏడో వీధి వెడల్పు, నది నుంచి నదిదాకా అడ్డు లేదు. గాలి వచ్చి పట్టు బ్యానరుని లాగి కొట్టింది. గెడ నా పొత్తికడుపులో దిగబడింది. నేనే రెండడుగులు పక్కకి వెళ్లాను. ఫెలిమ్ వెళ్లలేదు. మొహం పక్కకి తిప్పి, పళ్లు బిగించి నిలబడ్డాడు. సెయింట్ ప్యాట్రిక్ పొట్ట గర్భిణిలా ఉబ్బింది. జనంలో ఎవడో నవ్వి చప్పట్లు కొట్టాడు.

"ఎలా ఉంది?" అని అరిచాను.

"నడు."

అరవయ్యో వీధి నుంచి ఒకవైపు పార్కు, ఇక మేడలు లేవు. గాలి ఆగకుండా కొట్టింది. అతని ఊపిరి నాకు బ్యాండు చప్పుడులోంచి కూడా వినపడింది, చెక్క మీద రంపం పెట్టినట్టు. అరవై నాలుగో వీధి దగ్గర ఏటా నిలబడే చోటే మాడ్జ్ నిలబడి ఉంది. చెయ్యి ఊపబోయి ఆపేసింది. ఇనపకంచె పట్టుకుని "దించు! ఫెలిమ్, దించెయ్!" అని అరిచింది. ఫెలిమ్ తల తిప్పలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇంకెన్ని?" అన్నాడు.

"ఇరవై రెండు."

"అబద్ధం చెప్పొచ్చు కదరా."

డెబ్బయ్యో వీధి దగ్గర ఫెలిమ్ మోకాళ్లు ముందు వంగాయి. గెడ గిన్నెలోంచి లేచింది. ఊనా తాడు వదిలేసి పరుగెత్తి బాబాయిని పట్టుకుంది. ఇద్దరూ రోడ్డు మీద కూలబడ్డారు. ఎడమ గెడ గాల్లో వాలిపోతోంది. పట్టుగుడ్డ నా మొహాన్ని కప్పేసింది, ఏమీ కనపడలేదు. బ్యానరు నేలకి తగిలిందనే అనుకున్నాను. అంతలో గుడ్డ మళ్లీ బిగిసింది. అంచు పక్కకి తోసి చూస్తే ఎడమ గెడ హార్కిన్ చేతుల్లో ఉంది. వెనక్కి తిరిగాడన్నమాట.

ఊరేగింపు ఆగదు. వెనక ఇంకో జిల్లా బ్యాండు తోసుకొస్తోంది. పోలీసు "కదలండి, కదలండి!" అని అరుస్తున్నాడు. అంబులెన్సువాళ్లు స్ట్రెచరుతో ఉరికొస్తున్నారు. ఊనా ఫెలిమ్ తల ఒళ్లో పెట్టుకుని కాలరు విప్పుతోంది. నేను హార్కిన్ వైపు చూశాను. తోలుపట్టీ లేదు, గిన్నె లేదు, వట్టి చేతులతో గెడని గుండెకి హత్తుకుని ఉన్నాడు. అరవై ఆరేళ్ల మనిషి.

"అడుగు కలుపు బార్నీ," అన్నాడు.

ఒక గెడ కదిలితే రెండోది కదలాలి. అంతే, నేను వేరే ఏం ఆలోచించలేదు. అడుగు కలిపాను.

పదహారు వీధులు నడిచాం. ఎనభై ఆరులో దించాక హార్కిన్ చేతులు విప్పలేకపోయాడు, వేళ్లు కర్రకి అతుక్కున్నట్టు ఉన్నాయి. "ఇంత బరువుంటుందని తెలీదు," అన్నాడు. నాతో అన్నాడో లేదో.

ఆసుపత్రిలో ఫెలిమ్‌ని మూడో రోజున చూడనిచ్చారు. ముక్కులో గొట్టం. మాడ్జ్ పక్కన కూర్చుని జపమాల తిప్పుతోంది. నన్ను చూడగానే కళ్లు తెరిచాడు.

"ఊనా పట్టుకుందా?"

అదే అడుగుతాడని దారంతా అనుకుంటూనే వచ్చాను. జవాబు మాత్రం తెచ్చుకోలేదు.

"లేదు. నీ దగ్గర కూర్చుంది."

"కింద పడిందా?"

"పడలేదు."

"ఎవరు?"

"హార్కిన్."

మాడ్జ్ చేతిలో జపమాల ఆగింది.

"చివరిదాకానా?"

"చివరిదాకా."

"నువ్వు?"

"నేను కుడి గెడ, ఫెలిమ్."

"వాడి పక్కన నడిచావు."

"నడవకపోతే బ్యానరు..."

"పడనివ్వాల్సింది," అన్నాడు. గట్టిగా అనే ఓపిక లేదు, మెల్లగానే అన్నాడు. "బురదలో పడనివ్వాల్సిందిరా. పడితే ఎవరిదీ అయ్యేది కాదు." మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను ఇంకో గంట కూర్చున్నాను. మళ్లీ ఇటు తిరగలేదు. శుక్రవారం పొద్దున పోయాడు.

ఏప్రిల్ మీటింగుకి ఊనా బస్సు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చింది. నేరుగా ముందుకి వెళ్లి, "మా నాన్న గెడ నాకు కావాలి," అంది.

ఎవరో గొణిగారు. హార్కిన్ నన్నడిగాడు. "బార్నీ, ఫెలిమ్ ఎవరి పేరైనా చెప్పాడా?"

లేచి నిలబడ్డాను. "చెప్పాడు. ఊనా పేరు చెప్పాడు. వందసార్లు చెప్పాడు."

"ఎక్కడ? చివరి వీధిలో దించాకనా?"

"కాదు. వాళ్ల వంటింట్లో."

"అదా సంగతి," అన్నాడు హార్కిన్. అతని మొహంలో గెలుపేమీ లేదు, ఆ మాట చెప్పాలి. అలసిపోయి ఉన్నాడు. "ఈ పద్ధతి నేను పెట్టింది కాదమ్మా. దాన్ని నేనే తప్పితే రేపు ప్రతివాడూ తప్పుతాడు. మోసినవాణ్ణి నేను. మా అబ్బాయి పేరు చెప్తున్నాను."

"పద్ధతులు ఇంత బాగా గుర్తుంటాయా మీకు, మేస్త్రీ?" అంది ఊనా. "ఆ రోజు సొరంగంలో గుర్తు రాలేదే!"

అందరూ నేల చూశారు. వాళ్లలో సగంమంది ఆ షిఫ్టులో ఉన్నవాళ్లే. నేనూ ఉన్నాను.

ఆమె వెనకాలే బయటికి వెళ్లాను. మెట్ల దగ్గర ఆపాను.

"నా గెడ తీసుకోమ్మా. నేను చివరిదాకా మోసి దించాను. ఎవరికివ్వాలో చెప్పే హక్కు నాకుంది. ఇప్పుడే లోపలికెళ్లి నీ పేరు చెప్తాను, ఎవడూ కాదనలేడు."

ఊనా నా వైపు తిరిగింది. కోపమేమీ లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

"మీ గెడ నాకెందుకు బార్నీ మామా? హార్కిన్ కొడుకుతో అడుగు కలపడానికా?"

"నీకు కావాల్సింది..."

"నాకు కావాల్సింది ఇందాక అడిగాను," అని బస్సు డిపో వైపు వెళ్లిపోయింది. మా సంఘం గుమ్మం ఆమె మళ్లీ తొక్కలేదు. మాడ్జ్ కూడా రావడం మానేసింది. దారిలో కనపడితే నన్ను పలకరిస్తుంది, ఇంటికి రమ్మనదు.

మరుసటి మార్చిలో ఎడమ గెడ హార్కిన్ కొడుకు ఎత్తాడు. ఒళ్లున్న మనిషి, అడుగు బాగా కలుపుతాడు. డెబ్బయ్యో వీధి దగ్గర, "ఇక్కడేనా?" అని అడిగాడు. ఇక్కడేనన్నాను. టోపీ తీద్దామనుకున్నాడు పాపం, చేతులు ఖాళీ లేవు. నావీ లేవు.